మిల్లు సాఫ్ట్‌వేర్ అమ్ముడు, లైసెన్సు గొడవ

(మిర్యాలగూడ రైస్ మిల్లులకు ఈఆర్పీనెక్స్ట్ అనే ఓపెన్ సోర్స్ వ్యాపార సాఫ్ట్‌వేర్ మీద వడ్ల తూకం, సీఎంఆర్ (సర్కారు వడ్లు మర ఆడించి బియ్యం అప్పజెప్పే) లెక్కలు కట్టి అమ్మాలని ఇద్దరి ఆలోచన.)

తమ్ముడు: ఈఆర్పీనెక్స్ట్‌కు పునాదైన ఫ్రాపేది ఎంఐటీ లైసెన్సే గదన్నా. మన కోడు ఎవలికీ చూపకుండ అమ్ముదం.

అన్న: ఫ్రాపే ఒక్కటే అయితే సరే, కాపీరైట్ నోటీసు ఉంచితే చాలు. ఈఆర్పీనెక్స్ట్‌ది జీపీఎల్ 3 లైసెన్సు, అంటే దాంతోని కలిపింది ఎవరికన్నా ఇస్తే సోర్స్ కోడు గూడ అదే లైసెన్సు కింద ఇయ్యాలె. దాని బిల్లు కోడు (సేల్స్ ఇన్వాయిస్ క్లాసు) మీదనే కట్టి మన తూకం రాసినవ్. రెండూ కలిసి ఒక్క ప్రోగ్రామే అంటరు జీపీఎల్ రాసినోళ్లు.

తమ్ముడు: అంటే ఊరికే ఇయ్యాల్నా?

అన్న: ఎవరన్నరు? లక్ష చెప్పు, రెండు లక్షలు చెప్పు. సోర్స్ కూడా ఊరందరికీ కాదు, కొన్న మిల్లుకే. పైథాన్ గదా, ఎట్లనూ సోర్సే పోతది. కోడును చదవరాకుండ చేసే పైఆర్మర్‌తోని గజిబిజి చేసి ఇస్తే చెల్లదు, మార్చుకునే తీరుగ ఇయ్యాలె. ‘వేరేటోళ్లకు ఇయ్యద్దు’ అని బిల్లు మీద రాసినా చెల్లదు.

తమ్ముడు: నేనూ గదే అంటున్న! ఒక సేటు కొంటడు, పెన్‌డ్రైవ్‌ల పక్క మిల్లుకు ఇస్తడు. నెలల తరబడి రాసింది మనం, అడిగే హక్కు లేదు. ఇదేం వ్యాపారం?

అన్న: ఇస్తడు. ఆపలేం. కానీ కాంట కంప్యూటర్‌కు తగిలే కామ్ పోర్టు నంబరు మారి కాంట సున్నా చూపిస్తే ఎవరికి ఫోన్ చేస్తడు?

తమ్ముడు: చేస్తడు, పైసలియ్యడు. ఏఎంసీ (ఏటా మెయింటెనెన్స్) పైసలు అంటే ‘యాసంగి వడ్లు దిగినంక’ అంటరు.

అన్న: గడువు రాయకుంటే గట్లనే అంటరు.

తమ్ముడు: మొహమాటపడి వద్దన్నది నువ్వే!

అన్న: సరే, అది తర్వాత. సర్వర్ మన దగ్గరే పెట్టి బ్రౌజర్‌ల వాడనిస్తే జీపీఎల్ కింద పంపిణీ కాదు, సోర్స్ ఇయ్యాల్సిన పని లేదు. జీపీఎల్‌కంటే గట్టిదైన ఏజీపీఎల్ లైసెన్సు లైబ్రరీ ఒక్కటి కలిసినా ఆ వెసులుబాటు పోతది, దాని 13వ సెక్షన్ నెట్‌ల వాడేటోళ్లకూ సోర్స్ ఇయ్యమంటది. అందుకే రిలీజ్‌కు ముందు ప్రతిసారి పైథాన్ లైబ్రరీల లైసెన్సులు చూపే పిప్-లైసెన్సెస్ నడుపు.

తమ్ముడు: నెట్ పోతే? లారీ కాంట మీద ఆగుతది, మిల్లోడు తిడతడు.

అన్న: ఆ ముచ్చట సరైందే. కాంట చదివే ముక్క వేరే ప్రోగ్రాముగ మిల్లు సిస్టంలనే పెట్టు. నెట్ లేనప్పుడు తూకాలు ఎస్క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌ల దాచి, వచ్చినంక ఏపీఐ (ప్రోగ్రాములు మాట్లాడుకునే దారి) తోని మన సర్వర్‌కు పంపాలె. ఒక్కో తూకానికి ఒక్కో నంబరు పెట్టు, లేకుంటే ఒకే లారీ రెండుసార్లు ఎక్కుతది. ఆ కాంట ముక్కల ఈఆర్పీనెక్స్ట్ కోడు ఒక్క లైను రానియ్యకు. అది నీ సొంతం, దాచుకో.

తమ్ముడు: అయితే దాని రేటు వేరే వేస్త, సగం ముందే.