ఫ్రెష్ గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ ఫ్రెష్ గారికి,

ఉభయకుశలోపరి. ఇవాళ బస్టాండులో మామిడి జ్యూస్ డబ్బా మీద, రెండు పచ్చటాకుల నడుమ తమరి దర్శనమైంది. నెల చూస్తే జనవరి. చిత్తూరు వైపు తోతాపురి ఫ్యాక్టరీలకు తోలేది జూన్, జూలైల్లో. మరి తమరు ఏ తోట నుంచి దిగినట్టు?

తమరి ప్రయాణం మాకు తెలియనిదా! కాయ మగ్గాక తొక్కా టెంకా తీసి, గుజ్జును వేడిచేసి, గాలి చొరని సంచుల్లో నింపి డ్రమ్ముల్లో పెడతారు. నెలలు గడిచాక విప్పి నీళ్లు, పంచదార, సిట్రిక్ యాసిడ్ కలిపి, మళ్లీ వేడిచేసి డబ్బాలో పోస్తారు. రెండుసార్లు కాగింది గనకే ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి నిలుస్తుంది. నిలవంటే మాకేం చిన్నచూపు లేదండీ, ఏడాదంతా ఆవకాయ తినేవాళ్లం. కాకపోతే ఆ జాడీ మీద తమరి పేరు రాసుకోం.

పోనీ పండైనా దండిగా ఉందా? ఫ్రూట్ డ్రింక్ అనిపించుకోవడానికి 10 శాతం చాలు, నిమ్మకైతే 5. పదార్థాల పట్టీలో బరువు ఎక్కువున్నది ముందు రాయాలి. అక్కడ మొదటి పేరు నీళ్లు!

2018 నిబంధనల్లో దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ తమరికి గిరి గీసింది. కడగడం, తొక్క తీయడం, కోయడం, చల్లబరచడం, ఇంచుమించు అంతవరకే తమరి రాజ్యం. కాగబెట్టిన సరుకు మీద తమరికి హక్కు లేదు. అందుకని బ్రాండ్ పేరులో దూరతారు. అప్పుడు ఇది పేరు మాత్రమే, సరుకు అసలు స్వభావం కాదని 3 మిల్లీమీటర్లకు తగ్గని అక్షరాల్లో వేయాలి. ముందేమో అరచేయంత నువ్వు, మూలనేమో చీమల బారులా ఆ వాక్యం! కళ్లజోడు పెట్టుకున్నా కనపడదు. సిగ్గుందా నీకు?

ఇక ఉద్యోగ ప్రకటనల్లో "ఫ్రెషర్లు కావాలి, రెండేళ్ల అనుభవం తప్పనిసరి" అంటూ నువ్వాడే నాటకం సరేసరి. ఆఫీసు కౌంటర్లలో సంతకం గీత దాటిందని మొత్తం దరఖాస్తు "ఫ్రెష్‌గా పెట్టుకోండి" అనిపించేదీ నువ్వే.

ఒక్క మేలు మాత్రం ఒప్పుకోవాలి. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన వియ్యంకుడి గారిని బాత్రూమ్ ఊసెత్తకుండా లోపలికి పంపాలంటే "ఫ్రెష్ అవుతారా అన్నయ్యగారూ?" కంటే మర్యాదైన దారి మాకింకా దొరకలేదు. ఆ తలుపు దగ్గరే ఉండండి, తువ్వాలు అందిస్తూ. డబ్బాల జోలికి మాత్రం రాకండి.

ఇట్లు,
వెనక అట్ట చదివే ఒక దాహార్తుడు