పిలిస్తే కూలి, పిలవకపోతే స్వేచ్ఛ

పర్మనెంటు పని లేదని ఏడ్చేవాళ్లకు విశ్వాసం లేదండీ. వాళ్ల తాతలు వరంగల్ ఆజంజాహీ బట్టల మిల్లులో పడ్డ పాట్లు మరిచిపోయారు. 1934లో పెట్టిన ఆ మిల్లులో సైరన్ మోగితే లోపలికి పోవాలి, మళ్లీ మోగితే గానీ బయటపడొద్దు, పైగా నెల తిరిగేసరికి జీతం తీసుకుని తీరాలి. ఇప్పుడా బాధే లేదు. మిల్లు పోయింది, సైరన్ జేబులోకి వచ్చింది, అదెప్పుడు మోగుతుందో మోగించేవాడికి కూడా తెలియదు.

హన్మకొండ హంటర్ రోడ్డు ఫంక్షన్ హాళ్లలో వడ్డించే పిల్లల్నే చూడండి. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు ఇస్త్రీ చేసి మేకుకు తగిలించి పొద్దున్నుంచి ఫోన్ ముందేసుకుని కూర్చుంటారు. ఊరికి పోరు, ఇంకో పని ఒప్పుకోరు, స్నానానికి పోతే ఫోన్ అమ్మ చేతికిచ్చి పోతారు, ఎందుకంటే రెండు రింగులకు ఎత్తకపోతే ఆ పని ఇంకొకడిది. సాయంత్రం నాలుగింటికి, వడ్డనకు పిల్లల్ని కుదిర్చే మేస్త్రి ఫోన్ చేస్తాడు: "తమ్మీ, మంది తక్కువైన్రట, ఇయ్యాల రాకు." చూశారా ఆప్యాయత! ఏ కంపెనీ ఎండీ అయినా తమ్మీ అంటాడా? పొద్దంతా కూర్చున్నందుకు పైసలడగడం మాత్రం మర్యాద కాదు. ఫైర్ స్టేషన్‌లో కూర్చున్నవాళ్లకు జీతం ఇస్తున్నారు కదన్నా అని ఒక తెలివైన పిల్లాడు అడిగాడు. వాణ్ని మళ్లీ పిలవలేదు.

ఇక సెలవులంటారా, వాటిని పంచాంగమే మంజూరు చేస్తుంది. ఆషాఢం ఒకటి, శుక్ర మూఢం ఒకటి, గురు మూఢం ఇంకొకటి. ఇంటి కిరాయికే ఎందుకో మూఢం పట్టదు, ఒకటో తారీఖున ఏ నక్షత్రమైనా ఓనరు వచ్చి నిలబడతాడు. (పీహెచ్‌డీ చేసిన గెస్ట్ లెక్చరర్లూ నవ్వక్కర్లేదు, పీరియడ్ లెక్కన తీసుకునేవాళ్లకు దసరా సెలవుల్లో జీతం కూడా బతుకమ్మ ఆడబోతుంది.)

చట్టం కూడా వీళ్లను గుర్తుపెట్టుకుంది లెండి. మామూలు యజమాని–ఉద్యోగి సంబంధం లేకుండా పనిచేసి సంపాదించేవాళ్లు గిగ్ వర్కర్లని 2020 సామాజిక భద్రత కోడ్‌లో రాసుకున్నారు. ఇంతకన్నా ఏం కావాలి? ఒక పెళ్లిలో వడ్డించే పిల్లాడి కాలి మీద వేడి సాంబారు పడితే, ఖర్చు ఎవరు పెట్టుకోవాలని హాలు ఓనరును అడిగారు. ఆయన కేటరర్‌ను చూపించాడు, కేటరర్ మేస్త్రిని చూపించాడు, మేస్త్రి ఆయింట్‌మెంటు ట్యూబు ఒకటి కొనిచ్చి భుజం తట్టాడు: "తగ్గినంక ఫోన్ చెయ్ తమ్మీ, ముహూర్తాలుంటే పిలుస్త."