పొలరాయిడ్ ఫొటో అబద్ధం చెప్పదా?

కొన్నాళ్లుగా వాట్సాప్ గ్రూపుల్లో, రీల్స్‌లో ఒకే మాట తిరుగుతోంది. ఫోన్లతో మొహం మొత్తిన కుర్రకారు మళ్లీ పొలరాయిడ్ (బటన్ నొక్కగానే ఫొటో బయటికి వచ్చే ఇన్‌స్టంట్ కెమెరా) చేతపట్టి, మూతపడబోయిన దాన్ని బతికించిందట. అందులో ఎడిటింగ్ ఉండదు, కాపీ ఉండదు, కాబట్టి అబద్ధమూ ఉండదట. డబ్బాకు కొన్ని ఫొటోలే కాబట్టి ఆచితూచి తీస్తారట. పైగా అమ్మమ్మగారింటి గోడ మీద ఫొటోలాగా తరాలపాటు నిలుస్తుందట. చదవడానికి ముచ్చటగా ఉంది. ఇన్‌స్టంట్ కెమెరా అంటే నాకూ ఇష్టమే, అంతమాత్రాన ఈ కథను మింగలేను.

ముందు ‘ఫోన్ మీద తిరుగుబాటు’ సంగతి చూద్దాం. ఇప్పుడు హాస్టల్ గదుల గోడలకు వేలాడుతున్న బుల్లి ఫొటోల్లో చాలావరకు పొలరాయిడ్‌వి కానే కావు, జపాన్ ఫూజీఫిల్మ్ వాళ్ల ఇన్‌స్టాక్స్‌వి. ఇన్‌స్టాక్స్ 1998లో వచ్చింది. 2002లో ఏడాదికి పది లక్షల కెమెరాల దాకా అమ్ముడుపోయి, రెండేళ్లు తిరిగేసరికి లక్షకు పడిపోయింది. డిజిటల్ కెమెరాలు కొట్టిన దెబ్బ అది. మళ్లీ లేచింది 2007 ప్రాంతంలో, కొరియా టీవీ సీరియళ్లలో కనిపించాక. అప్పటికి ఐఫోన్ ఇంకా పసిగుడ్డు. చేతికే రాని ఫోన్‌తో ఎవరు విసిగిపోతారు? ఆ తర్వాత ఫోన్లూ పెరిగాయి, ఇవీ పెరిగాయి. 2018 ఆర్థిక సంవత్సరంలో ఇన్‌స్టాక్స్ అమ్మకాలు కోటి దాటాయి. 2019లో ఫూజీ వాళ్లే ఫోన్‌లోని ఫొటోను బ్లూటూత్‌తో తీసుకుని ఇన్‌స్టాక్స్ ఫిల్మ్ మీద అచ్చువేసే మినీ లింక్ ప్రింటర్ తెచ్చారు. తిరుగుబాటుదారులకు బ్లూటూత్ ఎందుకో!

అసలు పొలరాయిడ్‌ను కుర్రాళ్లు బతికించారన్నదీ సగం కథే. కంపెనీ 2001లోనే దివాలా తీసింది. 2008 ఫిబ్రవరిలో ఇన్‌స్టంట్ ఫిల్మ్ తయారీ మానేస్తున్నామని ప్రకటించింది. నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడే పట్టణంలో మూతపడుతున్న ఫ్యాక్టరీ యంత్రాలను పొలరాయిడ్ అభిమాని ఫ్లోరియన్ కాప్స్, ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసిన ఆండ్రే బోస్మన్ కలిసి కొనేశారు. దానికి ఇంపాజిబుల్ ప్రాజెక్ట్ అని పేరు పెట్టుకున్నారు. పాత ఫిల్మ్‌లో వాడిన రసాయనాలు చాలావరకు దొరక్క, ఫార్ములా మళ్లీ మొదటినుంచీ కట్టుకోవాల్సి వచ్చింది. 2010లో వాళ్లు తెచ్చిన తొలి ఫిల్మ్ కెమెరా నుంచి బయటికి రాగానే వెలుతురు తగిలితే పాడయ్యేది. చేత్తో కప్పుకుని జేబులో దాచుకోవాల్సిందే. దీన్ని నిలబెట్టింది ఏళ్ల తరబడి ఆ యంత్రాల దగ్గర పనిచేసిన కార్మికులు, ఆ లోపాలన్నీ భరిస్తూ కొన్న పిచ్చి అభిమానులు. ఫ్యాషన్ తర్వాత వచ్చింది.

ఇక ‘ఎడిటింగ్ లేదు, అబద్ధం లేదు’ అన్న మాట. ఫార్వర్డ్ మొత్తంలో జనానికి బాగా నచ్చేది ఇదే, బొత్తిగా నిలవనిదీ ఇదే. ఈ ఫొటోకు కింది తెల్ల అంచు మాత్రం ఎందుకు వెడల్పో ఎప్పుడైనా గమనించారా? రసాయనాల ముద్ద ఉన్న చిన్న సంచులు ఆ అంచులో ఉంటాయి. ఫొటో బయటికి వచ్చేటప్పుడు రెండు రోలర్లు వాటిని చిదిమి, ముద్దను లోపలి పొరల మధ్య సమంగా పరుస్తాయి. 1972లో వచ్చిన పొలరాయిడ్ ఎస్ఎక్స్-70 కెమెరా ఫిల్మ్‌లో ఆ పొర చాలాసేపు మెత్తగానే ఉండేది. లూకాస్ సమరాస్ అనే కళాకారుడు 1973 నుంచి ఆ మెత్తదనాన్నే వాడుకున్నాడు. పైనుంచి మొనతో నొక్కి, రుద్ది, తన మొహాన్నే కరిగిపోతున్నట్టు, ముక్కలైనట్టు మార్చేశాడు. ఫొటోషాప్ పుట్టక ముందు మాట ఇది. ఇప్పటి సంగతైతే చెప్పనే అక్కర్లేదు. ఇన్‌స్టాక్స్ మినీ ఎవో లాంటివి డిజిటల్ కెమెరాలే. ఫొటో తీసి, ఫిల్టర్ వేసి, నచ్చితేనే ఫిల్మ్ మీదికి దించుతాయి. అదే ఫొటోను కావాల్సినన్ని సార్లు దించుకోవచ్చు కూడా. ‘లోకంలో ఒక్కటే కాపీ’ అన్నది పూర్తిగా ఫిల్మ్‌తో నడిచే కెమెరాలకే చెల్లుతుంది.

తరాలపాటు నిలుస్తుందా? ఇవి రంగు అద్దకాలు, ఎండ పడితే వెలుస్తాయి. అమ్మమ్మగారింటి నలుపు తెలుపు ఫొటో నిలిచిందంటే అది వెండితో ఏర్పడిన బొమ్మ, వీలైతే నెగెటివ్ తీసి మళ్లీ కడిగించుకోవచ్చు. దీనికి నెగెటివ్ లేదు. పొలరాయిడ్ వాళ్లు తమ ఫిల్మ్‌తో 13 నుంచి 28 డిగ్రీల మధ్య ఫొటోలు తీయమంటారు, అంతకన్నా వేడిలో తీస్తే పసుపో ఎరుపో తిరుగుతుందంటారు. మే నెలలో విజయవాడలో ఆరుబయట పెళ్లి ఫొటోలు తీయాలనుకునేవాళ్లు దీన్ని రెండుసార్లు చదువుకోవాలి. ఇన్‌స్టాక్స్ కొంచెం నయం, 40 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. దాచుకోవాలనిపించిన ఫొటో ఉంటే స్కాన్ చేసి పెట్టుకోవడమే మార్గం.

ఫొటోను ఊపితే బొమ్మ తొందరగా తేలుతుందన్నది పాత రోజుల్లో పొర ఒలిచే ఫిల్మ్‌ను ఆరబెట్టిన అలవాటు. ఇప్పటిదాన్ని ఊపితే ఒరిగేది లేదు.

ఫార్వర్డ్‌లో నిజం ఒకటుంది: డబ్బాకు ఇన్‌స్టాక్స్‌లో 10, పొలరాయిడ్‌లో 8 ఫొటోలే, అవీ ఖరీదే. అందుకే బటన్ నొక్కే ముందు చెయ్యి కాస్త ఆగుతుంది. నాకు నచ్చేదీ అదే.

ఇక మన పెళ్లిళ్లలో ‘పొలరాయిడ్ బూత్’ అని బోర్డు పెట్టే చాలాచోట్ల లోపల ఉండేది మామూలు డిజిటల్ కెమెరా, పక్కన ఓ ఫొటో ప్రింటర్. డబ్బులిచ్చే ముందు ఒక్క ఫొటో తీయించి చూడండి. బొమ్మ బయటికి రావడమే పూర్తిగా వచ్చిందంటే అది ఫిల్మ్ కాదు. ఇన్‌స్టాక్స్ ఫిల్మ్ మీద తేలడానికి నిమిషంన్నర, పొలరాయిడ్ రంగు ఫిల్మ్ మీదైతే పావుగంట దాకా పడుతుంది.