అంత్రోలి బుల్లెట్ స్టేషన్ గారికి ఓ లింబాయత్ వాసి విన్నపం

మహారాజశ్రీ సూరత్ బుల్లెట్ రైలు స్టేషన్ గారి సముఖానికి, సూరత్‌లోని లింబాయత్ పేట నుంచి ఓ తెలుగువాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

పేరుకు మీరు సూరత్ స్టేషన్. కాపురం మాత్రం అంత్రోలిలో, పాత స్టేషన్‌కు సుమారు 10 కిలోమీటర్ల అవతల. పెళ్లి ఒక ఊళ్లో, విడిది పక్క ఊళ్లో ఇచ్చినట్టుంది.

మీ బుల్లెట్ లైను ముంబయి నుంచి అహ్మదాబాద్‌కు 508 కిలోమీటర్లు. గంటకు 320 వేగం, స్టాపులు తక్కువున్న బండికి 2 గంటల 7 నిమిషాలు అంటున్నారు. ఆ చివరి ఏడు నిమిషాలు కూడా వదలకుండా లెక్కకట్టిన పెద్దలకు ఓ దండం. కానీ మీ గడియారం ప్లాట్‌ఫాం మీద మొదలై ప్లాట్‌ఫాం మీదే ఆగుతుంది. మాది లింబాయత్ సందులో మొదలవుతుంది. మగ్గాల షెడ్డు ముందు అడ్డంగా పెట్టిన టెంపో కదలాలి. ఆటోవాడు దొరకాలి. అంత్రోలి అనగానే "తిరిగొచ్చేటప్పుడు ఖాళీగా రావాలి భాయ్" అని డబుల్ అడుగుతాడు, ఆ బేరం తెగాలి. ఇప్పుడైతే రింగ్ రోడ్డు మార్కెట్లో చీరల లెక్క చూసుకుని, బండికి పావుగంట ఉందనగా లేచినా పాత స్టేషన్ అందుతుంది. మీ దగ్గరికి రావాలంటే ముందు మీ దాకా ప్రయాణం చెయ్యాలి, ఆ తర్వాత ప్రయాణం.

అన్నట్టు, మీ ముఖద్వారాన్ని వజ్రం తీరులో డిజైన్ చేశారు. బాగుంది. మరి 2023 డిసెంబర్‌లో ప్రారంభమైన వజ్రాల బోర్స్, అదే వజ్రాల వ్యాపార కేంద్రం, ఎక్కడుంది? ఖజోద్‌లో, ఊరికి నైరుతిన. మీరేమో తూర్పున. ముంబయిలో బీకేసీ (బాంద్రా-కుర్లా కాంప్లెక్స్) స్టేషన్‌లో దిగితే అక్కడి వజ్రాల బోర్స్ ఆ పేటలోనే ఉంది. ఇక్కడ వజ్రాల వ్యాపారి జేబులో సరుకు పెట్టుకుని ఊరంతా అడ్డంగా దాటి మీ వజ్రాన్ని చూడాలి.

మిమ్మల్ని నడిబొడ్డున కట్టాలంటే పోయేవి మాలాంటి వాళ్ల ఇళ్లూ మగ్గాలే. ఆ సంగతి నాకు తెలుసు, అందుకే కాస్త మెల్లగా అడుగుతున్నా. పైగా ఊళ్లో వంపులు తిరుగుతూ 320లో పోవడం కుదరదు. మరి వడోదరలో, అహ్మదాబాద్‌లో మీ తోబుట్టువులు పాత స్టేషన్ల నెత్తిమీదే ఎలా సర్దుకున్నారు? అక్కడ ఇటు పాసింజర్ దిగి అటు బుల్లెట్ ఎక్కొచ్చు. సూరత్ వాళ్లకు మాత్రం మధ్యలో ఓ ఆటోవాడు.

జపాన్‌ను చూడమంటారు. చూశాను. 1964లో అక్కడి షిన్-యోకొహామా బుల్లెట్ స్టేషన్ కూడా వరిపొలాల్లోనే వెలిసింది, ఇవాళ చుట్టూ పట్నమే. కాకపోతే అక్కడ మామూలు లోకల్ బండి మొదటి రోజు నుంచే ఆగింది. అయినా సబ్‌వే వచ్చింది 1985లో. ఇరవై ఏళ్ల పైనే! లోకల్ ఉన్న చోటికే అంత పడితే, ఏదీ లేని మీ దగ్గరికి మెట్రో వచ్చేసరికి నాకు సీనియర్ సిటిజన్ సీటు వస్తుంది.

కాబట్టి మెట్రో అడగను. మొదటి బుల్లెట్ బయల్దేరే రోజుకు ఊళ్లోని ఉధ్నా స్టేషన్ నుంచీ పాత సూరత్ స్టేషన్ నుంచీ మీ గుమ్మం దాకా సిటీ బస్సు నడిపించండి. ఆఖరి బుల్లెట్ దిగినవాళ్ల కోసం రాత్రి కూడా ఒకటి. ఎర్ర రంగైనా సరే, నీలం రంగైనా సరే, వజ్రం ఆకారంలో లేకపోయినా సరే.

ఇట్లు,
టికెట్ కొనాలని ఆశ ఉన్న లింబాయత్ వాసి

తా.క.: హైదరాబాద్ నుంచి చెన్నైకీ బెంగళూరుకూ కూడా బుల్లెట్ లైన్ల మాట వినిపిస్తోంది. అక్కడ మీ తమ్ముళ్లు ఏ పొలంలో పుట్టబోతున్నారో కాస్త ముందుగా చెవిన వెయ్యండి. మా బావమరిది రైలెక్కే రకం కాదు గానీ, ప్లాటు కోసం తెగ తిరుగుతున్నాడు.