ఆవకాయ సీసా మూత గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆవకాయ సీసా మూత గారి దివ్యసముఖమునకు,

విజయనగరంలో పెంపుడు గెకోల (బల్లి జాతి జీవాల) మేత కోసం కీచురాళ్లు పెంచేవాళ్లం రాసుకున్న లేఖ. ఉభయకుశలోపరి. ఉభయుల్లో మీరు కుశలమే, ప్లాస్టిక్కుకు ఏటవుతుంది? మీ దగ్గరకు నీళ్లు తాగడానికి వచ్చినవాళ్ల గురించే ఈ నాలుగు ముక్కలు.

లెపర్డ్ గెకో ఇంటికి రాగానే వంద కీచురాళ్లు, వాటికో డబ్బా, ఆ డబ్బాలో తాగునీటి శాఖకు అధిపతిగా మీరు. ఏ అర్హత చూసి ఈ పదవి ఇచ్చారో ఎవరూ చెప్పరు. లోతు అంగుళం కూడా లేదు కదా అంటారు. కీచురాయికి ముక్కు లేదు. ఒంటికి రెండు పక్కలా వరసగా ఉండే సన్నని రంధ్రాలతోనే దాని ఊపిరి. అవి మునగడానికి అరంగుళం నీళ్లు ఎక్కువే. ఎక్కి బయటపడదామంటే మీ అంచు నున్నన. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన 2 మిల్లీమీటర్ల పిల్లకైతే మీరు నిండనక్కర్లేదు, పక్కన చిందిన ఒక్క చుక్క చాలు. ఆ నీటి పొర అంటుకుందంటే విడిపించుకునే బలం దానికి లేదు.

మీ భక్తులు ఊరుకోరు. గులకరాళ్లు వేస్తారు, వాటి సందుల్లో పెంట చేరి కుళ్లుతుంది. దూది పెడతారు, పోగులు కాళ్లకు చుట్టుకుంటాయి. స్పాంజి పెడితే అది మేతనీ పెంటనీ పీల్చుకుని రెండ్రోజుల్లో మురుగు వాసన కొడుతుంది. రోజూ వేడినీళ్లలో ఉతికే ఓపిక ఉన్నవాళ్లకు స్పాంజి పరవాలేదు. అలాంటివాళ్లని ఇంకా చూడవలసే ఉంది.

మునిగి పోయినవి కొన్నే. మీ అసలు ఘనకార్యం ఒలికినప్పుడు బయటపడుతుంది. రాత్రి ఒక పెద్ద పురుగు గెంతుతుంది, మీరు ఒరుగుతారు, అడుగునున్న పొడి పెంట తడుస్తుంది. పొడిగా ఉన్నంతకాలం దానివల్ల బాధ లేదు. తడిసిందంటే అమ్మోనియా పుడుతుంది. డబ్బా మూత తీయగానే ముక్కు మండిందంటే లోపల అప్పటికే చావులు మొదలైనట్టు. చచ్చినవాటిని మిగతావి తింటాయి, రోగం డబ్బా అంతా పాకుతుంది. శ్రావణ భాద్రపదాల్లో మన గాలే తడిగుడ్డ, ఒకసారి ఒలికినది ఆరనే ఆరదు. బూజు, తెల్లటి సన్న నల్లులు (మంచం నల్లులు కావు, మైట్లు) అప్పుడే వస్తాయి.

కీచురాళ్లను చంపే డెన్సోవైరస్ మీద నెపం పెడతారేమో. అది నిజంగానే ఉంది. 2010 ప్రాంతంలో అమెరికాలో కొన్ని కీచురాళ్ల ఫారాలను దివాలా తీయించింది. కానీ ఆ రోగం వస్తే దాదాపు ఎదిగిన పురుగులు డబ్బా నలుమూలలా వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటాయి. మీ చుట్టూ, తడిసిన మూలలోనే శవాలు పోగుపడితే వైరస్‌ని తిట్టడం అన్యాయం.

ఇక ఇంటి సంగతి. రెండు వందల పెద్ద పురుగులకు 40 లీటర్ల నున్నటి ప్లాస్టిక్ డబ్బా. మూత నడుమ పెద్ద కిటికీ, ఒక పక్క గోడకి ఇంకోటి కోసి, స్టీలు జల్లెడ అతికించాలి. నైలాన్ దోమతెర వేస్తే రెండు రాత్రుల్లో కొరికి ఊరేగింపుగా బయటికొస్తాయి. కోడిగుడ్ల అట్టలు నిలువుగా నిలబెట్టాలి. పడుకోబెడితే ప్రతి గుంతలోనూ పెంట నిలుస్తుంది, నిలువుగా ఉంటే కిందికి రాలుతుంది. అట్ట కొసకీ మూతకీ మధ్య ఓ జానెడు ఖాళీ. అడుగున మట్టి, ఇసుక, రంపపు పొట్టు ఏదీ వద్దు. వేడి 28 నుంచి 32 డిగ్రీలు.

నీళ్లు లేకుండా బతుకుతాయా అని మీరు అడగొచ్చు. బతకవు. దాహమేస్తే కుబుసం విడిచి తెల్లగా మెత్తగా ఉన్న తోటి పురుగునే పీక్కుతింటాయి. పైగా కీచురాయి ఒంట్లో 70 శాతం దాకా నీరే, గెకోకి కావలసిన నీళ్లలో కొంత ఆ దారినే చేరుతుంది. అందుకని నీళ్లు కావాలి, తడి మాత్రం కూడదు. ఈ తేడా మీకు ఏ జన్మకీ తెలీదు.

క్యారెట్ కడిగి, పైతొక్క తీసి (మందు కొట్టిన కూరగాయ ఒక్కటి చాలు, డబ్బా ఖాళీ), చక్రాలుగా కోసి వేస్తే చాలు. మెల్లగా ఎండుతుందే గాని తొందరగా కుళ్లదు. చిలగడదుంపా అంతే. ఆనపకాయ, దోసకాయ మాత్రం పొద్దున వేస్తే సాయంత్రానికి తీసేయాలి. ఎండాకాలానికి మొక్కల కుండీల్లో వేసే, నీళ్లు పీల్చి ఉబ్బే హైడ్రోజెల్ మేలు, ఎరువు కలపని రకం. 5 గ్రాముల పలుకులకు లీటరు మంచినీళ్లు పోసి రెండు మూడు గంటలు నానబెట్టి, జల్లెడలో వార్చి, తేరిన నీరు పారబోయాలి. తీరంలోని ఉప్పు బోరు నీళ్లలో అది సరిగా ఉబ్బదు, పొడి చెడ్డదని పారేయకండి. ఒక రోజులో తినేంతే పెట్టాలి, మిగతాది ఫ్రిజ్‌లో.

డబ్బాలో తడికి హక్కున్న చోటు ఒక్కటే, గుడ్ల గిన్నె. ఉద్దానంలో కొబ్బరికి కొదవేముంది? ఆ పీచు పొట్టే రెండంగుళాలు నింపి, పిండితే చుక్క రానంత తడిపి, పైన జల్లెడ కప్పాలి. ఆడది జల్లెడ సందులోంచి గుడ్లు దించుతుంది, మిగతావి తవ్వి తినలేవు. పెట్టిన గుడ్లు 30 డిగ్రీల దగ్గర పది పన్నెండు రోజుల్లో పొదుగుతాయి. పొట్టు ఎండిందా, ఒక్కటీ పొదగదు.

కావున తమరిని తాగునీటి శాఖ నుంచి తక్షణం బదిలీ చేసి దాణా శాఖలో వేస్తున్నాం. కోడిపిల్లల దాణా మెత్తగా దంచి పలచగా పరిస్తే మీ లోతు దానికి సరిగ్గా సరిపోతుంది. చేరేముందు బయటి అంచు గరుకు కాగితంతో రుద్దించుకుని రండి, లేదా గుడ్ల అట్ట ముక్క వాలుగా ఆనించుకోండి. పిల్లలు మీ నున్నటి గోడ ఎక్కలేవు.

ఇట్లు,
డబ్బా పొడిగా ఉంచుకోగోరే
కీచురాళ్ల పెంపకందార్లు

తా.క.: అదే గదిలో దోమల లిక్విడ్ వెలిగించి, తెల్లారి పురుగులన్నీ పోయాయని మీ మీద రాసిన ఫిర్యాదులు కొట్టేశాం. దానికి వేరే లేఖ తయారవుతోంది.