శ్రీ గ్యాస్ ట్రబుల్ గారికి

అయ్యా, ఉభయకుశలోపరి. తమరి చిరునామా ఎక్కడ వాకబు చేసినా తేలలేదు. ఒకరు పొట్టలో ఉంటారన్నారు, ఇంకొకరు ఛాతీలో అన్నారు, మా బాబాయికైతే ఏకంగా భుజంలో ఉంటారట. అందుకే బహిరంగంగా రాస్తున్నాను.

మా పెద్దమ్మకి పెసరట్టు ముక్క రొమ్ము ఎముక వెనకాల ఆగిపోయేది. పెదవాల్తేరు నుంచి గాజువాక దాకా చుట్టాలందరిదీ ఒకటే మాట: "ఏటవుద్ది పెద్దమ్మా, గ్యాసే!" మందుల షాపు కుర్రాడైతే మాట పూర్తి కాకుండానే మీ పేరు మీద స్ట్రిప్పు చింపేవాడు. ఎండోస్కోపీలో పుండూ గడ్డా ఏమీ లేవని తేలినప్పుడు తమరు మీసం మెలేసే ఉంటారు.

కానీ ఆ డాక్టరు మానోమెట్రీ రాశారు, అంటే మింగేటప్పుడు అన్నవాహికలో ఒత్తిడి కొలిచే పరీక్ష. ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి, పడుకోబెట్టి, అయిదేసి మిల్లీలీటర్ల నీళ్లు పదిసార్లు మింగించారు. మింగడం పెద్ద కష్టం కాలేదు. గుటకకీ గుటకకీ మధ్య అర నిమిషం ఉమ్ము కూడా మింగకుండా ఆగాలే, అదీ అసలు పరీక్ష! "ఆగండి మామ్మగారూ, మింగకండి" అని నర్సమ్మ బతిమాలుతూనే ఉంది. తెర మీద ఎర్రగా ఏటవాలుగా దిగాల్సిన పట్టీ వెలిసిపోయి, మధ్యమధ్యలో తెగిపోయి కనిపించింది. అన్నవాహిక కండరాలు ముద్దని కిందికి నెట్టలేకపోతున్నాయి. ఇన్ఎఫెక్టివ్ ఈసోఫేజియల్ మోటిలిటీ అంటారట. అన్నవాహిక కదలికల లోపాల్ని తేల్చడానికి డాక్టర్లు వాడే 2021 నాటి షికాగో వర్గీకరణ ప్రకారం గుటకల్లో 70 శాతానికి మించి బలహీనంగా ఉండాలి, లేదా సగమైనా పూర్తిగా విఫలం కావాలి. ఇంత లెక్క మీ విషయంలో ఎవరైనా అడిగారా?

అలాగని ఆ కండరాలకి బలం తెచ్చే నమ్మకమైన మందూ లేదు, అది మీకు కాస్త ఊరట. పైకి తన్నే యాసిడ్‌ని తిరిగి కిందికి తోసే సత్తువ కూడా వాటికి ఉండదు కాబట్టి దానికి మాత్రలిచ్చారు. ఆ కండరాల్ని ఇలా దెబ్బతీసే షుగరూ, చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా జబ్బూ ఉన్నాయేమో చూశారు. మిగతాదంతా పెద్దమ్మ చేతిలోనే ఉంది: నిటారుగా కూర్చుని చిన్న ముద్దలు, బాగా నమలడం, మధ్యలో నీళ్ల గుక్క, మంచానికి తలవైపు ఎత్తు, తిన్నాక రెండు మూడు గంటలు నడుం వాల్చకపోవడం. ఈ ఆఖరిదానికే ఆవిడ డాక్టరుతో పేచీ పెట్టుకుంది.

ఒక్క మనవి. బాబాయి భుజంలో మకాం వెంటనే ఖాళీ చెయ్యండి. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి చేతికి పాకుతున్నప్పుడు కూడా ఆయన మీ పేరే తలుచుకుంటూ సోడా తాగుతున్నాడు. 108కి ఫోన్ చెయ్యనివ్వండి.

ఇట్లు,
వాల్తేరు వాసి