ఇసుక లేని జింక

బరంపురం తెలుగువారిలో వన్యప్రాణులను ఫోటో తీసే కళ దినదినాభివృద్ధి చెందుతున్నప్పటికీ, ఒడిశాలోని మా గంజాం జిల్లా ప్రకృతి అందుకు తగిన సహకారం అందించడం లేదని మిక్కిలి విచారంతో మనవి చేసుకుంటున్నాను. అస్కా దాటి భేట్నోయి, బాలిపదర్ వైపు వెళితే కృష్ణజింకలు మందలుగా కనిపిస్తాయన్నది నిజమే. పోతులకు మెలితిరిగిన కొమ్ములు, నల్లని వీపు, తెల్లని పొట్ట, కంటి చుట్టూ సున్నం పూసినట్లు వలయం, అన్నీ శాస్త్రోక్తంగానే ఉన్నాయి. కాని అవి నిలబడేది వరి మళ్లలో. వెనక గడ్డివాము, పక్కన కరెంటు స్తంభం. ఇటువంటి జింకకు పరువెక్కడిది?

అందుకే మా బావగారు ఇంటి రిపేరుకు దాచిన సొమ్ముతో 600 మిల్లీమీటర్ల లెన్సు కొని, ఇసుకలో నిలబడే జింక కోసం రాజస్థాన్ బయలుదేరారు. ముందుగా చేరిన తాల్ ఛాపర్ చదునైన గడ్డిమైదానమనీ, అక్కడ మేస్తున్నవీ కృష్ణజింకలేననీ చూసి, దగా పడ్డానని వాపోయి, జైసల్మేర్ ఇసుకలోకి తరలిపోయారు. అక్కడ చింకారాలనే చిన్న జింకలున్నాయి. మేతలోని తేమతోనే రోజుల తరబడి నెట్టుకొచ్చే జీవాలవి. బావగారికి మాత్రం పూటకు మూడు సీసాల నీళ్లు చాలలేదు. ఎండెక్కితే నేల నుంచి లేచే వేడిగాలిలో ఎంత ఖరీదైన లెన్సుకైనా జింక నీళ్లలో నీడలా కదులుతుంది కనుక తెల్లవారకముందే లేవాలి. తెల్లని ఇసుకకు బెదిరి కెమెరా బొమ్మను నల్లబరుస్తుంది కనుక వెలుతురు కాస్త పెంచుకోవాలి. జింక కంటి ఎత్తుకు దిగాలి కనుక బోర్లా పడుకోవాలి. నాలుగు రోజుల ఈ తపస్సుకు మెచ్చి ఒక చింకారా తన వెనుక భాగాన్ని అనుగ్రహించింది. అదిప్పుడు వారి హాల్లో, కారుతున్న కప్పు కింద, చట్రంలో ఉంది. ఇసుక స్పష్టంగా పడింది.

భేట్నోయి రైతుల సంగతి వేరు. జింక పొలంలో అడుగుపెడితే శుభమని నమ్మి, పైరు మేసినా తరమకుండా ఊరుకుంటారు. కృష్ణసారం, అంటే ఈ కృష్ణజింకే, సహజంగా తిరుగాడే నేల యజ్ఞానికి యోగ్యమని మనుస్మృతి కూడా చెప్పింది గాని, ఫోటోకు యోగ్యమని చెప్పలేదు కదా!

ఈ లోటు తీర్చడానికి, గోపాల్‌పూర్ తీరం నుంచి ఇసుక లారీలతో తోలించి, కోతలయ్యాక ఆ మళ్లలో పరిపించాలన్నది బావగారి యోచన. మొన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, గట్టు మీదున్న ఒక పెద్దాయనకు దాన్ని ఒడియాలో సవివరంగా విన్నవించారు.

"ఇసుక పోస్తే అవి ఏం మేస్తాయి బాబూ?" అన్నాడాయన.

"మేయనక్కరలేదు, నిలబడితే చాలు" అన్నారు బావగారు.